కాంగ్రీ దగ్గర అన్న మాట

పదకొండో వారం

పోయిన వారం ఆసుపత్రి వార్డులో రేగిన కలకలం ఇంకా మన చెవుల్లోనే ఉంది. నర్సు సరళకుమారికి మధ్యాహ్నం క్యారియరు ఇచ్చిపోదామని వచ్చిన ఆమె భర్త, నాయబ్ సుబేదార్ సైమన్, మంచాల మధ్య నిలబడి ఆమెతో రెండు మాటలు మాట్లాడాడు. అంతే. ఒక కంటికి కట్టుతో, రెండో కంటికి పొరతో పడుకుని ఉన్న కాశ్మీరీ ముసలమ్మ జూనా బేగం ఆ గొంతు విని లేచి కూర్చుంది. తడుముకుంటూ వచ్చి అతని చెయ్యి దొరకబుచ్చుకుంది. ఆరేళ్ళ కిందట తన ఇంటి గుమ్మంలో "చుప్", నోరెత్తకు, అని ఒక్క మాట అని, తన కూతురి ప్రాణం నిలబెట్టిన జవాను ఇతనేనని వార్డంతా వినేలా ఏడ్చింది.

ఆ కబురు వార్డులో ఆగలేదు. రెండు రోజుల్లో కంటోన్మెంటు చేరి, సైమన్ పై అధికారి కల్నల్ విష్ణువర్ధన్ చెవిన పడింది. ఊళ్ళ మధ్య, జనం మధ్య జరిగే యుద్ధానికి సైన్యం తన పాత అలవాట్లు మార్చుకుంటున్న రోజులవి. ఆ మార్పులకు పాఠాలు రాయించడమే కల్నల్ గారి పని. ఇంతకన్నా మంచి పాఠం ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? మంగళవారం నాడు, కాశ్మీరుకు బయల్దేరబోతున్న అరవై మంది కుర్ర ఆఫీసర్ల ముందు సైమన్ ఆ కథ తన నోటితో చెప్పాలని ఏర్పాటైపోయింది.

చిక్కల్లా ఒక్కటే. తాను "చుప్" అన్నట్టు సైమన్‌కు జ్ఞాపకం లేదు.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే సరళకుమారి వంటింట్లో దూరింది. జూనా బేగం నిశ్చింతగా తినగలిగే మాంసం కావాలని ముందురోజే త్రిలోక్‌పురి దాకా వెళ్ళి హలాల్ కొట్లో కొట్టించుకొచ్చింది. కూరలో కారం సగానికి సగం తగ్గించింది. బాపట్లలో ఉన్న తన తల్లి ఈ కూర రుచి చూస్తే ఆసుపత్రి భోజనం అని పేరు పెడుతుందని తనలో తాను నవ్వుకుంది.

ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళది రెండో అంతస్తు ఫ్లాటు. రోడ్డు మీద లేస్తున్న మెట్రో స్తంభాల దుమ్ము లోపలికి రాకుండా సైమన్ బాల్కనీ తలుపు వేసి, కుర్చీలు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ తిరుగుతున్నాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి కృత్రిమమైనది. కంగారుగా ఉన్నప్పుడు ఆ కాలు నేల మీద కొంచెం గట్టిగా చప్పుడు చేస్తుంది. పదమూడేళ్ళ కూతురు అనుగ్రహ సోఫాలో ముడుచుకుని కూర్చుని, "డాడీ, బైఠ్ జావో నా" అని కూర్చోమంటూ రెండుసార్లు అంది. ఆ పిల్లకు తెలుగు బాగా అర్థమవుతుంది. నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది.

ఒంటిగంటకు అతిథులు వచ్చారు. ముందు జూనా బేగం, ఆమె చెయ్యి పట్టుకుని కూతురు రుఖ్సానా. వాళ్ళ వెనక కల్నల్ విష్ణువర్ధన్, మామూలు చొక్కా వేసుకుని, భుజాన సంచితో, చేతిలో చిన్న టేప్ రికార్డరుతో. ఆయనది కరీంనగర్ వైపు. ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి, సైమన్ ఎదురైతే మాత్రం, ఫౌజు మర్యాదగా సాబ్ అని పిలుస్తూనే, తన ఊరి మాటలోకి దిగిపోతాడు.

జూనా బేగం కంటి కట్టు విప్పి నాలుగు రోజులైంది. గుమ్మంలోనే ఆగిపోయి, సైమన్ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, కొత్త కన్ను దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. ఆసుపత్రిలో గొంతు ఒక్కటే దొరికిందని, ఈ కన్ను బాగయ్యాక తీరిగ్గా చూడాలనుకున్న మొహం ఇదేనని రుఖ్సానా హిందీలో చెప్పింది. సైమన్‌కు ఎటు చూడాలో తెలియలేదు. ఫౌజులో ఇరవై ఒక్క ఏళ్ళ నుంచి ఉన్నాడు. అతన్ని తిట్టినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఇలా చూసినవాళ్ళు లేరు. చెయ్యని మేలుకు దణ్ణం పెట్టించుకుంటున్నట్టు అతనికి ఒళ్ళంతా ఇబ్బందిగా ఉంది.

ముసలమ్మ గుడ్డ సంచి ఒకటి విప్పి టీపాయ్ మీద అక్రోట్లు పోసింది. తమ ఊరి నుంచి ఫౌజు శిబిరానికి దిగే దారి మొదట్లో ఉన్న చెట్టువట. ఢిల్లీలో ఎవరికి ఇవ్వాలో తెలియకుండానే తెచ్చిందట.

భోజనాలయ్యాయి. ఆమె రెండోసారి కూర వేయించుకున్నందుకు సరళ మొహం వెలిగిపోయింది. అప్పుడు కల్నల్ రికార్డరు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. జూనా బేగం తనకు వచ్చిన హిందీలో, రానిచోట కాశ్మీరీలో చెబుతుంటే రుఖ్సానా సరిచేస్తూ వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటి అటక మీద ఇద్దరు తుపాకులవాళ్ళు ఉన్నారు. నిచ్చెన పైకి లాగేసుకున్నారు. వాళ్ళ మధ్య రుఖ్సానా ఉంది. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. కింద ఒక్క మాట పొరపాటున నోరు జారితే ముందు పిల్ల పోతుందని చెప్పారు. అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఫౌజీలు. వాళ్ళ పెద్ద, అంటే సైమన్, పైన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆమె చెప్పేద్దామనే అనుకుంది. బిడ్డను కాపాడమని అరిచి అతని కాళ్ళ మీద పడదామనుకుంది.

అంతవరకు వచ్చేసరికి అనుగ్రహ లేచి గది అవతలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. సైమన్ లేచి వెళ్ళాడు. ఎవరి మాటైనా వినేటప్పుడు చూపుడువేలు మీసం మీద పెట్టుకోవడం అతని అలవాటు. డాడీ మ్యూట్ మీద ఉన్నారని కూతురు ఎగతాళి చేస్తూ ఉంటుంది. ఇప్పుడూ అలాగే వేలు పెట్టుకుని, కూతురి మొహంలోకి వంగి మెల్లగా అడిగాడు.

"ఏందమ్మా? చెప్పమ్మా, చెప్పు."

సోఫాలో మాట ఆగిపోయింది. అందరూ అటు చూశారు. జూనా బేగం తన పెదవుల మీద వేలు పెట్టుకుని, నిటారుగా, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది.

"యహీ" అంది. "ఇదే మాట. చుప్, మా. చుప్. వేలు కూడా ఇట్లాగే పెట్టాడు."

గదిలో నలుగురికి తెలుగు వచ్చు. నలుగురికీ ఒకేసారి వెలిగింది. కన్నీళ్ళ మధ్యనే అనుగ్రహకు నవ్వు తన్నుకొచ్చింది. "నానీ, డాడీ నే చుప్ నహీ బోలా. చెప్పు బోలా. చెప్పు మత్‌లబ్..." అంటూ ఉండగానే తల్లి చెయ్యి భుజం మీద పడింది. పిల్ల నోరు మూసుకుంది.

కల్నల్ మీట నొక్కాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

*

సైమన్ బాల్కనీ తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. దుమ్ము మొహాన కొట్టింది. ఆరేళ్ళుగా మసకగా ఉన్న ఆ సాయంత్రం ఇప్పుడు పూసగుచ్చినట్టు కనపడుతోంది.

అప్పటికి అతను హవల్దారు, వెంట ఏడుగురు. అంతకు ముందు ఏడాది దాకా పద్ధతి వేరు. తెల్లవారకముందే ఊరిని చుట్టేసి, మగవాళ్ళందరినీ మంచులో కూర్చోబెట్టి, తలుపులు బాదుకుంటూ ఇల్లిల్లూ సోదా చేసేవాళ్ళు. ఒక తుపాకీ దొరికితే వంద మంది మొహాలు మాడేవి. కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు అది మాన్పించాడు. తలుపు తట్టండి, ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటే గుమ్మంలోనే ఆగండి, అడగండి, వినండి అన్నాడు. అడగడానికీ వినడానికీ మధ్య ఒక భాష కావాలని మాత్రం అప్పుడెవరికీ తట్టలేదు.

సైమన్ హిందీలోనే అడిగాడు. ముసలమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ పెదవులు చూస్తే అతనికి భయపడితే ఇలాగే మాట పెగలని తన మేనత్త కాంతమ్మ గుర్తొచ్చింది. మనసు కదిలితే సైమన్ నోట హిందీ నిలవదు. వేలు మీసం మీద పెట్టుకుని, వంగి, తెలుగులో బతిమాలాడు. ఆమె గట్టిగా నోరు మూసేసుకుంది. చెప్పడానికి ఏమీ లేదు కాబోలు అనుకున్నాడు. గుమ్మంలోంచి చూస్తే అటకకు నిచ్చెన కూడా కనపడలేదు. ఇల్లు చూశాం, ఎవరూ లేరు అని రాసుకుని జవాన్లను తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే తప్ప, అందరూ చెప్పుకుంటున్నట్టు ఆమె కళ్ళలోకి చూసి పైనున్నవాళ్ళను కనిపెట్టిందీ లేదు, పిల్ల కోసం వెనక్కి తగ్గిందీ లేదు.

చెప్పు అన్న ఆ మాటతో అతనికి ఇంకో బాధ ఉంది. అది సరళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఊరి పైనే ఉండి, మర్నాడు పొద్దున మంచు పొగలో శిబిరానికి దిగుతుంటే అందరికన్నా ముందు బసవపున్నయ్య నడుస్తున్నాడు. ఫౌజులో ఇద్దరిద్దరిని జంట కట్టి బడ్డీలంటారు. తిండీ, నిద్రా, ప్రాణభయం ఇద్దరికీ ఉమ్మడి. సైమన్ బడ్డీ బసవపున్నయ్య. చీరాల మనిషి, తన ఈడువాడే. దారి మధ్య ఒక కాంగ్రీ కనపడింది, కాశ్మీరీలు చలికి ఒళ్ళో పెట్టుకునే నిప్పుల కుంపటి, చుట్టూ బుట్ట అల్లి ఉంటుంది. ఇంకా పొగ వస్తోంది. బసవపున్నయ్య చెయ్యెత్తాడు, వెనక అందరూ ఆగిపోయారు. పది అడుగుల వెనక మలుపులో ఉన్న సైమన్‌కు, పొగమంచులోంచి వాడి గొంతు వినపడింది. "చెప్పు."

ఏం చెయ్యాలో చెప్పమని తనను అడుగుతున్నాడనుకున్నాడు సైమన్. ఏం చెప్పాలో ఆలోచించాడు. ఆ ఆలోచన తెగేలోపల మందుపాతర పేలింది. బసవపున్నయ్య అక్కడే పోయాడు. సైమన్ కాలు పోయింది. వెనక ఆగిన ఆరుగురికి చిన్న గీత కూడా పడలేదు. వాడు అడిగాడు, నేను చెప్పలేదు. ఆరేళ్ళుగా సైమన్ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే వినపడేది ఆ ఒక్క మాటే.

కల్నల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కొత్త పుస్తకంలో మొదటి అధ్యాయమే ఇదని, మెత్తగా ఉంటే ప్రాణాలు పోతాయని వాదించే పాతకాలం వాళ్ళకు జవాబుగా దీన్నే పెట్టుకున్నానని చెప్పాడు. ఆయన అడిగింది అబద్ధం చెప్పమని కాదు. ఊరుకోమని మాత్రమే.

"మాట తప్పు కావచ్చు సాబ్, పాఠం తప్పు కాదు గదా. ఆ పిల్ల బతికింది. మీరు గుమ్మంల ఆగిన్రు కాబట్టే బతికింది. గది నిజమే గద."

"ఆగింది నిజమే సార్. కనిపెట్టింది నిజం కాదు" అన్నాడు సైమన్. "రేపు ఆ అరవై మంది పిల్లలు ఏదో ఒక గుమ్మంలో నిలబడతారు. సైమన్ సాబ్ కళ్ళల్లోకి చూసి కనిపెట్టేశాడంట అనుకుని, వాళ్ళూ కళ్ళల్లోకి చూస్తారు. కళ్ళల్లో ఏమీ కనపడదు సార్. నాకు కనపడలా. మనకి ఆమె భాష రాదు, అదీ సంగతి. అది రాయండి."

కల్నల్‌కు కోపం వచ్చినట్టు లేదు. రెయిలింగు మీద దుమ్ములో వేలితో ఒక గీత గీసి, దాన్ని తుడిచేశాడు. మంగళవారం సభకు తాను ఇంకొకరిని కూడా పిలిచానని అప్పుడు చెప్పాడు. బసవపున్నయ్య భార్య హైమవతిని.

హైమవతి క్రిస్మస్‌కూ, ఉగాదికీ ఫోను చేస్తుంది. పిల్లల చదువులు చెబుతుంది, సరళ ఆరోగ్యం అడుగుతుంది. పెట్టేసే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. అన్నయ్యా, ఆయన చివరికి ఏమైనా అన్నాడా? ఏమీ అనలేదమ్మా అని సైమన్ ప్రతిసారీ చెబుతాడు.

"లోపలికి పోదాం సాబ్" అన్నాడు కల్నల్ చివరికి. "మీరన్నట్టే కానియ్యిన్రి. ముందు ఆమెకు చెప్పాలె. మనకన్న ముందు ఆమెకు హక్కున్నది."

*

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. సైమన్ వెదురు మోడా లాక్కుని జూనా బేగం ఎదురుగా కూర్చున్నాడు. కల్నల్ మళ్ళీ రికార్డరు పెట్టాడు, ఈసారి సైమన్‌ను అడిగి పెట్టాడు. తాను అన్నది చుప్ కాదని, అది తన భాషలో మాట అని, దానికి అర్థం సరిగ్గా ఎదురని సైమన్ హిందీలో ఒక్కొక్క ముక్కే చెప్పాడు. పైన ఎవరో ఉన్నారని తనకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాడో కూడా తెలియదు. ఇన్నాళ్ళూ ఆమె ఎవరికో పెట్టాల్సిన దణ్ణం తనకు పెడుతోంది.

రుఖ్సానా అదంతా తల్లికి కాశ్మీరీలో చెప్పింది. చెబుతూ చెబుతూ తనే పాలిపోయింది. జూనా బేగం విని, ఇంకోసారి చెప్పించుకుంది. ఆ మాటను నోట్లో తిప్పుకుంది. చెప్పు. చుప్. చెప్పు. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని సరళ మంచినీళ్ళకు లేచింది. కాదు, నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"బేటా, నువ్వడిగింది నాకు అర్థమై ఉంటే నేను చెప్పేసేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది. పైన వాళ్ళు వినేవాళ్ళు. ఇదిగో, ఈ పిల్ల ఇవాళ ఇక్కడ కూర్చుని ఉండేది కాదు."

అదేదీ తాను చెయ్యలేదని సైమన్ మళ్ళీ అన్నాడు. ముసలమ్మకు కోపం వచ్చింది.

"ఆరేళ్ళుగా రోజుకు ఐదుసార్లు నీ కోసం అడిగాను. పేరు తెలియదు, ఊరు తెలియదు, ఆ గుమ్మంలో బిడ్డ అని అడిగాను. ఇప్పుడు అవన్నీ వెనక్కి తీసుకోమంటావా?"

సైమన్ లెక్క వేసుకున్నాడు. తన కాలు తెగిన చోట పుండు మానకుండా నెలల తరబడి పడుకున్న రోజుల్లో, డాక్టర్లు ఆశ వదిలేసిన వారంలో, పేరు తెలియని ఒక ముసలమ్మ మంచు కొండల్లో కూర్చుని తన కోసం దేవుణ్ణి అడుగుతోందన్న మాట. అది తనకు చెందదని వెనక్కి తోసెయ్యడానికి అతనెవరు? తీసుకున్నాడు. తలవంచి తీసుకున్నాడు.

"అందుకే కదా, మర్నాడు నాకు చేతనైంది నేను చేశాను" అంది జూనా బేగం, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా. "కాంగ్రీ."

సైమన్ తలెత్తాడు.

మిగతాది రుఖ్సానా చెప్పింది. ఆ ఇద్దరూ తెల్లవారుజామున పోతూ, ఎవరైనా అడ్డొస్తే అడ్డం పెట్టుకోవడానికి తనను కూడా తీసుకుపోయారు. దారి మొదట్లో ఆగి మందుపాతర పాతారు. పని అయ్యాక పొమ్మన్నారు. ఇంటికి పరుగెత్తుకొచ్చి తల్లికి చెప్పింది. శిబిరానికి కబురు చేస్తే ఊళ్ళో ఎవరు ఎవరి వేగులో తెలియదు, ఇల్లు తగలబడిపోతుంది. తల్లి పొయ్యిలో నిప్పులు తీసి కాంగ్రీ నింపుకుని, చీకట్లో బయల్దేరింది. పాతిన చోటికి ఒక్క అడుగు ఇవతల దాన్ని పెట్టి, అక్రోటు చెట్టు వెనక కాపలా నిలబడింది.

"నా పిల్లను కాపాడినవాడు ఆ దారినే కదా దిగాలి" అంది ముసలమ్మ.

సరళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కల్నల్ విష్ణువర్ధన్ మొహం ఎర్రబడింది. ఆ కాంగ్రీ శత్రువులు పెట్టిన ఎర అని ఆనాటి నివేదికలో ఉంది. దారిలో కొత్త వస్తువు కనపడితే ఎర అనుకోండి అని ఆరేళ్ళుగా దాన్నే పాఠంగా చెబుతున్నారు. ఆయన తన సంచిలోంచి పుస్తకం ప్రతి తీసి, ఆ పేజీ వెతికి, ఎవరూ అడగకుండానే పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

సైమన్ మోడా మీద నుంచి నేల మీదికి జారాడు. కృత్రిమ కాలు ఒక పక్కకు చాపుకుని, కష్టపడి కూర్చుని, జూనా బేగం రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ కాంగ్రీ చూసే కదా ఆరుగురు ఆగారు. ఒకడు ఇప్పుడు హర్యానాలో ట్రాక్టరు నడుపుకుంటున్నాడు. ఒకడు పోయిన నెల కవలలు పుట్టారని ఫోను చేశాడు. ఇంకొకడు చెల్లెలి పెళ్ళికి రమ్మని కార్డు పంపాడు. వాళ్ళందరూ ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియకుండా బతుకుతున్నారు. వాళ్ళందరి తరఫునా తాను చెబుతున్నానని, ఎంత చెప్పినా చాలదని, సైమన్ తెలుగులోనే చెప్పాడు. ఈసారి ఆమెకు ఎవరూ అర్థం చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ప్యాంటు అంచు పైకి జరిగి ప్లాస్టిక్ కాలు బయటపడింది. జూనా బేగం అది చూసింది. ఆ రోజుదేనా అని కళ్ళతోనే అడిగింది. సైమన్ తలూపాడు. ఆమె ఆ కాలి మీద అరచెయ్యి పెట్టి, పసిపిల్లను జోకొట్టినట్టు నెమ్మదిగా తట్టింది. అనుగ్రహ వచ్చి ఆమె పక్కన ఒదిగి కూర్చుంది.

"ఒక్కటే నాకు అంతు పట్టలేదు" అంది ముసలమ్మ కొంతసేపటికి. "ముందు నడిచిన మీ జవాను కాంగ్రీ చూశాడు. ఆగాడు. తర్వాత చెట్టు వెనక నన్నూ చూశాడు. ఆగమని అరుద్దామని నేను నోరు తెరిచాను. ఆయన నన్ను చూసి..."

ఆమె చూపు టీపాయ్ మీది అక్రోట్ల మీదికి పోయింది.

"ఆయన కూడా అదే మాట అన్నాడు. నీలాగే, మెల్లగా. నేను నోరు మూసేసుకున్నాను. మీవాళ్ళకు అంతా తెలుసనుకున్నాను. ఆయన నా వైపు ఒక అడుగు వేశాడు."

ఆరేళ్ళుగా సైమన్ గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారిగా లేచిపోయింది. బసవపున్నయ్య అడిగింది తనను కాదు. తాను జవాబు ఆలస్యం చెయ్యలేదు. కానీ లేచిన బరువు ఎక్కడికీ పోలేదు. అది ఎవరి మీద దిగబోతోందో అతనికి కనపడుతూనే ఉంది. ముసలమ్మ కొత్త కన్ను అతని మొహం మీదే ఉంది. అరగంట కిందట నేర్చుకున్న మాట ఆమె పెదవుల మీద మెల్లగా కదిలింది.

"బేటా, ఆయన కూడా నన్ను చెప్పమన్నాడా?"

కల్నల్ సైమన్ వైపే చూస్తున్నాడు. నిజమే చెప్పాలని పట్టుబట్టిన మనిషి, అదే రోజు, అదే ఇంట్లో, ఆమె కంట్లోకి సూటిగా చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"కాదమ్మా. వాడు నాతో అన్నాడు. నన్నడిగాడు. నేనే చెప్పలేకపోయాను."

జూనా బేగం గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. దేవుడికి స్తోత్రం చెప్పుకుని, సైమన్ తల మీద చెయ్యి పెట్టింది. ఆ మాటలు తన భర్తను ఎన్ని సార్లు నిద్రలోంచి లేపాయో తెలిసిన సరళ, గిన్నెలు తియ్యాలన్న నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కల్నల్ వంగి రికార్డరు మీట నొక్కాడు. ఎర్ర దీపం ఇంతసేపూ వెలుగుతూనే ఉందని సైమన్‌కు అప్పుడు గానీ గుర్తు రాలేదు. కాశ్మీరీ వాళ్ళిద్దరికీ అర్థం కాకుండా, కల్నల్ తెలుగులో, చాలా మెల్లగా అన్నాడు.

"హైమవతమ్మ ఈ పొద్దే చీరాలల రైలెక్కింది సాబ్. మంగళవారం ముందు వరుసల కూసుంటది. ఆయన చివరి మాట ఎవరితో అన్నడని ఆమెకు చెప్తరు?"